ఆషాఢంలో మా వేను బ్యాటరీ

ఆషాఢం వస్తే మేళగాళ్ళ ఇళ్ళలో మగవాళ్ళకు కాలు నిలవదని మా అమ్మ అనేది. పెళ్ళిళ్ళు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు. పనిలేక ఇంట్లో ఉన్న మగవాడు కూరలో ఉప్పు దగ్గర్నుంచి గోడ మీది బల్లి దాకా అన్నింటికీ వంక పెడతాడు. ఆ విషయంలో నేను అందరికంటే ముందుంటాను. నేను డోలు వాయిస్తాను. నా వేళ్ళు ఊరుకోవు. కంచం అంచు మీద, తలుపు రెక్క మీద, బస్సులో ముందు సీటు కమ్మీ మీద ఏదో ఒక నడక నడుస్తూనే ఉంటాయి. పెళ్ళిళ్ళ రోజుల్లో దాన్ని విద్య అంటారు, ఆషాఢంలో దాన్నే రోగం అంటారు.

కిందటేడు ఆషాఢానికి ముందే మూఢం కూడా వచ్చి పడింది. ముహూర్తాలు లేని రోజులు సాగి సాగి శ్రావణం దాకా పోయాయి. ఊళ్ళో గుడిలో వాయిద్దామా అంటే అక్కడ ఇప్పుడు కరెంటు మేళం ఉంది. మీట నొక్కితే డోలూ గంటా వాటంతటవే కొట్టుకుంటాయి. ఆ యంత్రానికి తాళం తప్పదు, జీతం అక్కర్లేదు, చెయ్యి నొప్పి పుట్టదు. దాన్ని విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటి రోజుల్లో నా కాళ్ళకు దొరికిన పని, మా వేనుకు పెట్టిన చార్జరు లైటు చూసి రావడం.

మేళం పెట్టెలూ మనుషులూ అంతా పట్టే పాత తెల్ల వేను అది. మా వీధి ఇరుకు. అందుకని దాన్ని వీధికి ఎగువన ఉన్న మా కళ్ళంలో, రేకుల షెడ్డు కింద ఉంచుతాం. పెళ్ళిళ్ళ రోజుల్లో అది పాలకొండ అనీ, చీపురుపల్లి అనీ, గజపతినగరం అనీ తిరుగుతూనే ఉంటుంది. ముహూర్తాలు లేకపోతే దాని మొహం చూసే నాథుడు ఉండడు. కదలని బండి బ్యాటరీ ఎవరూ ముట్టుకోకపోయినా దానంతటదే దిగిపోతుందని మాకు అంతకు ముందు ఏడాది శ్రావణంలో తెలిసింది. మొదటి పెళ్ళికి పట్టుపంచెలు కట్టి, గంధం బొట్లు పెట్టుకుని, పెట్టెలన్నీ ఎక్కించి తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంది. మేళం మొత్తం దిగి, బురదలో పంచెలు ఎగ్గట్టి తోశాం. వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చి చూసింది. "బాజాలోళ్ళకే బాజా మోగిపోనాది" అని ఒక పెద్దమనిషి అన్నాడు. ఆ పెళ్ళిలో వాయిస్తున్నంతసేపూ నాకు ఆ మాటే వినపడింది. పెళ్ళి నుంచి వచ్చాక ఆమదాలవలస వెళ్ళి ఈ చార్జరు తెచ్చాను.

అరచెయ్యంత నల్ల డబ్బా. ఒక పక్క గోడకు పెట్టే ప్లగ్గు, ఇంకో పక్క ఎర్ర క్లిప్పు ఒకటి, నల్ల క్లిప్పు ఒకటి. ఆ రెండూ బ్యాటరీకి తగిలించి వదిలేస్తే కొంచెం కొంచెంగా కరెంటు ఎక్కిస్తుంది. ఎక్కుతున్నంతసేపూ ఎర్ర లైటు, నిండాక పచ్చ లైటు. నిండితే దానంతటదే తగ్గించుకుంటుంది కాబట్టి నెలల తరబడి తీయక్కర్లేదు.

"సెలైన్ ఎక్కించినట్టే బావా. నువ్వు తగిలించీసి ఎల్లిపో. దాని పని అది సేసుకుంటాది" అని అమ్మినవాడు చెప్పాడు.

తగిలించేసి వెళ్ళిపోయే రకం కాదు నేను. పొద్దున్న లేచి ఒకసారి, టీ తాగి ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి కళ్ళంలోకి పోయి చూడకపోతే అన్నం సయించేది కాదు. పచ్చ లైటు వెలుగుతుంటే ఊరికే కాసేపు నిలబడి వచ్చేవాణ్ణి. "అలగ సూసి వచ్చీడమేటి, దానికి ఉగ్గు కూడా పట్టీ" అని మా ఇంటిది ఎగతాళి చేసేది. నవ్వేవాణ్ణి గానీ, నన్ను నిలవనివ్వనిది బ్యాటరీ కాదని దానికీ తెలుసు, నాకూ తెలుసు. నా బెంగంతా మా అన్నయ్య గురించి.

మా మేళానికి పెద్ద ఆయనే. సన్నాయి ఆయనది. నాన్న పోయాక ఆ సన్నాయే ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉంటున్న మా రెండు కుటుంబాలకూ తిండి పెట్టింది. డోలు ఎంత బాగా వాయించినా సన్నాయి లేని డోలును పెళ్ళికి ఎవరూ పిలవరు, దండోరాకి పిలుస్తారు. అన్నయ్యకు షుగరు వచ్చి చిగుళ్ళు వదులయ్యాయి. వేసవి పెళ్ళిళ్ళు ఎలాగో లాక్కొచ్చాడు. ఆఖరి పెళ్ళిలో తాళి కట్టే వేళకు పై పళ్ళు కదిలిపోయి, సన్నాయి నోట పెట్టే పీక పెదవుల మధ్య నిలవలేదు. నేను డోలు దరువు పెంచి ఆ లోటు కప్పేశాను. పెళ్ళివారికి తెలియలేదు. ఆయన మాత్రం అక్కడ భోజనం చెయ్యకుండా వేనులోకి వచ్చి కూర్చున్నాడు.

శ్రీకాకుళంలో పళ్ళ డాక్టరు పై వరసలో ముందు పళ్ళన్నీ తీసేసి కట్టుడు పళ్ళు అమర్చాడు. అన్నీ తినొచ్చు, బాగా నవ్వొచ్చు అన్నాడు. సన్నాయి వాయించొచ్చా అని అడిగితే ఇంతవరకూ తనను ఎవరూ ఆ మాట అడగలేదన్నాడు. పీకను పట్టుకునేది పెదవులే గానీ ఆ పెదవులకు వెనక ఆనుకునే గోడ పళ్ళు. గోడ కదిలితే పెదవి వణుకుతుంది, ఊపిరి పక్కనుంచి జారిపోతుంది. మరి కట్టుడు గోడ ఎంతవరకు ఆపుతుందో చెప్పగలిగేవాడు మాకు ఎవరూ దొరకలేదు.

ఇంతలో శ్రావణంలో మొదటి ముహూర్తానికే ఒక పెళ్ళి ఒప్పుకుని ఉన్నాం. పళ్ళు తీయించుకోకముందే భోగాపురం వైపు నుంచి పెళ్ళికూతురి తండ్రి వచ్చి తాంబూలం ఇచ్చి వెళ్ళాడు. మాలో తాంబూలం పుచ్చుకోవడం అంటే మామూలు మాట కాదు. ఆకూ వక్కా చేతిలో పడ్డాక ఆ ముహూర్తం ఆ ఇంటిది. ఇంట్లో మైల వస్తే తప్ప మానకూడదు. వెళ్ళలేకపోతే, కబురు పంపడం కాదు, మేళం పెద్దే ఆ గుమ్మం ఎక్కి, ఆ వక్క తిరిగి వాళ్ళ చేతిలో పెట్టి రావాలి. మా నాన్న బతికి ఉండగా ఏ గుమ్మమూ అలా ఎక్కలేదు. ఆ వక్క పసుపు గుడ్డలో మా దేవుడి గూట్లో ఉంది. దీపం పెట్టినప్పుడల్లా కనిపించేది.

పోనీ ఇంకో సన్నాయి ఆయన్ని కుదిర్చి మన డోలుతో పంపేద్దామా అంటే పెళ్ళికూతురి తండ్రి అలాంటి మనిషి కాదు. విమానాశ్రయం వస్తున్న దగ్గర్నుంచి ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళు పెద్ద పెద్ద హాళ్ళలో, గుండెలదిరే డీజేలతో జరుగుతున్నాయి. ఆయన మాత్రం, "నా పెళ్ళికి మీ నాన్న వాయించాడు. నా గుంటకి మీ అన్నయ్య వాయించాల. మరొకలు నాకొద్దు" అని తెగేసి చెప్పి మరీ వెళ్ళాడు.

కట్టుడు పళ్ళు పెట్టించుకు వచ్చిన మర్నాడే అన్నయ్య ఒక తప్పు చేశాడు. మా ఇంట్లో తాతల నాటి చట్టం ఒకటుంది. పచ్చి వాయిద్యం ఇంటికి వినపడకూడదు. నేర్చుకునేవాడు నాగావళి ఇసకలోకి పోయి నేర్చుకోవాలి, ఏటికి వినిపించుకోవాలి. స్వరం నిలిచింది అని పెద్దవాళ్ళు అన్నాకే వీధిలోకి వచ్చి ఇంటి ముందు వాయించాలి. ఆ రోజు ఇంట్లో పరమాన్నం వండుతారు. అన్నయ్యా నేనూ అరికాళ్ళు చుర్రుమంటుంటే ఆ ఇసకలో నేర్చుకున్నవాళ్ళమే. ఇన్నేళ్ళు వాయించిన నోరు కదా, చట్టం పిల్లలకు గానీ నాకేమిటి అనుకున్నాడేమో, వాకిట్లో కూర్చుని సన్నాయి అందుకున్నాడు. బాతు గొంతు పిసికినట్టు ఒక కూత వచ్చింది. మళ్ళీ ఊదాడు. ఊపిరి సర్రుమని పక్కనుంచి పోయింది. ఎదురింటి పిల్లలు కిసుక్కుమన్నారు. వదిన వంటింట్లోంచి బయటికి రాలేదు. అన్నయ్య సన్నాయిని గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, అటక మీదికి ఎక్కించేశాడు.

అంతే. ఆ తరవాత ఇల్లు చప్పబడిపోయింది. ఆయన సన్నాయి మాట ఎత్తడు. పొద్దున్న పేపరు చదువుతాడు, మధ్యాహ్నం పడుకుంటాడు, సాయంత్రం అరుగు మీద కూర్చుని పోయే వచ్చే బళ్ళను చూస్తాడు. అటక మీద పెట్టె పెట్టినచోటే ఉంటుంది. నేను డోలును ఎండలో పెట్టి, తాళ్ళు బిగించి, రెండు దెబ్బలు వేసి ఆయన మొహంకేసి చూసేవాణ్ణి. ఆయన పేపరు తిరగేసేవాడు. మధ్యాహ్నం ఆ ఇంట్లో నిద్రపోతున్న మనిషిని చూస్తూ కూర్చోలేక రోజూ మోటారు సైకిలు తీసుకుని పొందూరు కూడలికి పోయి, అక్కరలేని టీలు తాగి, పొద్దువాలాక వచ్చేవాణ్ణి.

ఇలా ఉండగా బ్యాటరీ మొండికేసింది. పొద్దున్న చూస్తే పచ్చ లైటు, సాయంత్రం చూస్తే ఎర్ర లైటు. వేను కదలలేదు, నిండిన బ్యాటరీ సాయంత్రానికి ఎందుకు దిగుతుంది? కొన్నాళ్ళకు పొద్దున్న కూడా ఎర్ర లైటే కనిపించడం మొదలైంది. రాత్రంతా ఎక్కించినా నిండడం లేదన్నమాట. ప్లగ్గు మార్చాను. క్లిప్పులు గీకి శుభ్రం చేశాను. ఎలుకలు వైర్లు కొరికాయేమోనని సీట్ల కింద దూరి వెతికాను. ఎలుక కనపడలేదు గానీ, నడుం పట్టేసింది.

ఆఖరికి బ్యాటరీని విప్పి, ఆటోలో పెట్టుకుని ఆమదాలవలస తీసుకుపోయాను. షాపువాడు మీటరు పెట్టి చూశాడు.

"బేటరీకేటి రోగం లేదు బావా. సుబ్బరంగా ఉన్నాది."

"మరి రోజూ దిగిపోతన్నాదేటి?"

"నీ బండిలోనే ఏదో తాగీస్తన్నాది. ఈ సిన్న సార్జరు సుక్క సుక్క పోస్తాది. అక్కడ సెంబుతో తాగీస్తంటే ఎలగ సరిపోద్ది?"

ఏది తాగేస్తోందో అతను చెప్పలేదు. ఇంటికి వచ్చి బ్యాటరీ బిగించి, హారను వైరు పీకి చూశాను, లోపలి లైటు బల్బు తీసేసి చూశాను. సాయంత్రానికి మళ్ళీ ఎర్ర లైటు. నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. కనపడ్డది అన్నయ్య. అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"అన్నయ్యా, బేటరీ మళ్ళీ దిగిపోనాది."

"దిగితే ఎక్కుతాది. నీకెందుకురా అంత కంగారు?"

"పెళ్ళికి బండి కదలకపోతే?"

"తోద్దుం."

ఆ మాట అంత తేలిగ్గా అనేసరికి నాకు తిక్క రేగింది. ఇన్నాళ్ళూ అడగనిది అడిగేశాను.

"బండి సంగతి ఒగ్గీ. నువ్వు వాయిస్తావా, వాయించవా? అది సెప్పు. వాయించకపోతే ఆ వక్క అట్టుకెళ్ళి ఇచ్చీసి వద్దుం. ఆడపిల్ల పెళ్ళి. ఆలకి ఇంకొకల్ని సూసుకోడానికి టైము ఉండాల గదా."

అన్నయ్య, "నువ్వు నీ బేటరీ సూసుకో" అని లేచి లోపలికి పోయాడు. నాకు ఏడుపు వచ్చింది. చిన్నప్పుడు ఏట్లో నేను మునిగిపోతే జుట్టు పట్టుకుని లాగిన మనిషి ఆయన. ఆయన మునుగుతుంటే పట్టుకుందామంటే ఎక్కడా చిక్కడే అనిపించింది.

మర్నాడు పెళ్ళికూతురి తండ్రి ఫోను చేశాడు. ఎదురుకోలు ఎప్పుడు, మేళం ఎప్పటికి రావాలి, అన్నీ చెప్పి, చివర్న, "మీ అన్నయ్య ఆరోగ్యం బాలేదని ఎవులో అన్నారు, నిజమేటి?" అన్నాడు. ఒక్క రోజు గడువు ఇవ్వండి, రేపు సాయంత్రం నేనే చేస్తానన్నాను. ఫోను పెట్టేసి, ఇక లాభం లేదనుకున్నాను. విజయనగరంలో నాన్న శిష్యుడు ఒకాయన ఉన్నాడు. మంచి సన్నాయి. ఆయన కాళ్ళావేళ్ళా పడి ఒప్పించి, ఆయన్ని తీసుకుని పెళ్ళివారి గుమ్మం ఎక్కి, వక్క వాళ్ళ చేతిలో పెట్టి, ఉన్న మాట చెప్పి, ఈయన్ని ఒప్పుకోమని దణ్ణం పెడదామనుకున్నాను. దేవుడి గూట్లోంచి పసుపు గుడ్డ తీసి జేబులో పెట్టుకున్నాను. వదిన చూసింది.

"ఎక్కడికి బాబూ?"

"విజీనారం ఎల్తన్నాను వదినా. రాత్రికి వచ్చీస్తాను."

"తొందరపడకు. నువ్వెప్పుడూ ముందే ఎగిసిపోతావు" అంది. నేను వినిపించుకోలేదు.

ఆమదాలవలస స్టేషనుకు పోయేసరికి రైలు లేటు అన్నారు. ఎంత లేటో చెప్పేవాడు లేడు. బల్ల మీద కూర్చున్నాను, లేచాను, ప్లాట్‌ఫారం చివరిదాకా పోయి వచ్చాను. బియ్యం బస్తాల మీద కూర్చున్న ముసలాయన, "ఒరే బాబూ, నువ్వు నడిసినంత మాత్రాన రైలొస్తాదేటి, కూకో" అన్నాడు. కూర్చుంటే జేబులో వక్క తొడకు తగులుతోంది. అన్నయ్య చేత్తో పుచ్చుకున్న తాంబూలం ఆయనకు చెప్పకుండా నేను తీసుకుపోతున్నాను. మేళం పెద్ద ఆయన. ఆ గుమ్మం ఎక్కాల్సిందీ ఆయనే. ఎక్కనంటే ఎక్కనని నా మొహం మీదే అననీ, కానీ దొంగతనంగా ఈ పని చెయ్యకూడదు అనిపించింది. రైలు వస్తున్నట్టు మైకులో చెప్పేవేళకు నేను స్టేషను బయట ఆటో ఎక్కుతున్నాను.

ఊళ్ళోకి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. ఎండ మాడ్చేస్తోంది, వీధిలో కుక్క కూడా లేదు. అలవాటు చొప్పున కాళ్ళు ముందు కళ్ళం వైపే పోయాయి. షెడ్డు దగ్గరికి పోతుంటే వేను లోపల్నుంచి ఒక సన్నటి హోరు వినపడింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. దొరికాడు దొంగ అనుకుని, ఎవడైనా తాగుబోతు ఎక్కి పడుకున్నాడేమోనని కర్ర కోసం చూస్తున్నాను. అప్పుడు ఆ హోరు కింద ఇంకో చప్పుడు వినపడింది. వేనులో పాటల పెట్టె శ్రుతి వేస్తోంది. ఆ శ్రుతి మీద సన్నాయి.

అద్దాలన్నీ బిగించేసి ఉన్నాయి. ముందు సీటు వెనక్కి వాల్చుకుని అన్నయ్య కూర్చున్నాడు. చొక్కా లేదు. ఒళ్ళంతా చెమట కారిపోతోంది. ఒక పక్కకి తిరిగి ఉండటంతో నన్ను చూడలేదు. ఒక్కటే స్వరం పట్టుకున్నాడు. అది కొంతదూరం నిలబడి, వణికి, విరిగింది. పీక తీశాడు. పొందూరు ఖద్దరు గుడ్డ పీలిక ఒకటి మడిచి పై పెదవికీ కట్టుడు పళ్ళకూ మధ్య సర్దుకున్నాడు. మళ్ళీ అదే స్వరం. ఈసారి కాస్త ఎక్కువ దూరం పోయింది. మళ్ళీ విరిగింది. మళ్ళీ పట్టాడు.

మాలో పుట్టి కూడా ఇంత తెలివితక్కువగా ఆలోచించినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంట్లో చప్పుడు లేదు కాబట్టి ఆయన సన్నాయి వదిలేశాడనుకున్నాను, అటక మీది పెట్టె ఖాళీదని అనుకోలేదు. మా ఇంట్లో సాధన చేసేవాడి చప్పుడు ఇంటికి వినపడదని నేను ఏ ఇసకలో నేర్చుకున్నాను మరి? ఏరు ఇప్పుడు నిండుగా ఉంది, ఇసక లేదు. ఈ వయసులో ఏటి ఒడ్డున కూర్చుని బాతుకూతలు కూస్తే ఊరు నవ్వుతుంది. అందుకని ఈ ఇనప గదిలో దూరి, ఊపిరాడక ఫ్యాను వేసుకుని, నేను రాత్రంతా చుక్క చుక్కగా ఎక్కించిన కరెంటును మధ్యాహ్నం తాగేస్తున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ ఒక్కసారే వచ్చాయి.

తలుపు తీసి కావిలించుకుందామనిపించింది. కానీ పచ్చి వాయిద్యం వినకూడదు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, కాలే మట్టి మీద, వచ్చిన దారినే వెనక్కి నడిచాను.

ఇంటికి పోతే వదిన బియ్యం ఏరుతోంది.

"అన్నయ్యేడి?" అన్నాను.

"తొంగున్నారు" అంది తలెత్తకుండా.

"రేపు కూడా తొంగుంటాడేటి?"

వదిన చెయ్యి ఆగింది. నా కాళ్ళకేసి, చేతిలో చెప్పులకేసి చూసింది. "పెళ్ళి దాకా తొంగుంటారు" అంది. మొహం అటు తిప్పుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను పసుపు గుడ్డ తీసుకెళ్ళి గూట్లో పెట్టేశాను. సాయంత్రం పెళ్ళివారికి ఫోను చేసి, మేళం వస్తోంది, అన్నయ్యే వాయిస్తాడని చెప్పాను. చెప్పాక భయమేసింది. ఆ స్వరం ఇంకా విరుగుతూనే ఉంది కదా.

ఆ భయం పెళ్ళి దాకా నన్ను నిలవనివ్వలేదు. కానీ నా కాళ్ళకు ఇప్పుడు వేరే పని దొరికింది. మర్నాడే తాటాకులు తెచ్చి షెడ్డు రేకుల మీద కప్పాను. వీధి పంపు నుంచి కడవతో నీళ్ళు తెచ్చి నీడన పెట్టాను. అన్నయ్య అరుగు మీంచి చూసి అడిగాడు.

"ఏటిరా, సెడ్డుకి గుడిసె కడతన్నావా?"

"ఎండకి బేటరీ పాడైపోతాదంట."

"మరి కడవ?"

"బేటరీకి నీళ్ళు పొయ్యాల."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "బేటరీకి సేవ బాగానే సేస్తన్నావు" అన్నాడు. అప్పట్నుంచి అన్నం తినగానే, మునుపటి కంటే ముందే, మోటారు సైకిలు తీసుకుని పొందూరు పోయేవాణ్ణి. పచ్చ లైటు కోసం చూడటం మానేశాను. సాయంత్రం ఎర్ర లైటు ఉంటే ఆ రోజు బాగా సాధన జరిగిందని లెక్క. ఒకరోజు ముసురు పట్టి ఆయన ఇల్లు కదలలేదు. సాయంత్రం పోతే పచ్చ లైటు వెలుగుతోంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

పెళ్ళి రోజు వచ్చింది. ఆ ముందురోజు మధ్యాహ్నం నుంచి మా ఊళ్ళో కరెంటు లేదు. అన్నయ్య మాత్రం రెండు పూటలా "పడుకున్నాడు." బయల్దేరే వేళకు మేళం అంతా పట్టుపంచెలతో కళ్ళంలో చేరి వేను ఎక్కాం. నేను తాళం తిప్పాను. టక్. మళ్ళీ తిప్పాను. ఆ టక్కు కూడా రాలేదు. చార్జరు మీద ఏ లైటూ లేదు.

"ఇంత సేవా సేసి ఇదేటి మావా?" అని శ్రుతి పెట్టె పట్టే కుర్రాడు అన్నాడు. అందరికంటే ముందు నేనే దిగి పంచె ఎగ్గట్టాను. కళ్ళం ఎగువన ఉంది, వీధి పల్లానికి పోతుంది, కాస్త తోస్తే దానంతటదే జారుతుంది. తోలడానికి తాళం వాయించే బావ స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. అన్నయ్య కూడా దిగబోయాడు.

"నువ్వు దిగకు" అన్నాను. "ఊపిరి దాసుకో."

ఆయన నావైపు చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకి, నాకు అంతా తెలుసునని. ముందు సీట్లోనే కూర్చుని తలుపు వేసుకుని, కిటికీ అద్దం పూర్తిగా కిందికి దించాడు.

తోశాం. వేను కళ్ళం దాటి వీధిలోకి దిగింది. కిందటిసారిలాగే అరుగుల మీదికి జనం వచ్చారు. బాజా మోగిపోనాదన్న ఆ పెద్దమనిషి కూడా ఉన్నాడు. ఆయన నోరు తెరవబోతుండగా ముందు సీట్లోంచి సన్నాయి లేచింది. ఆ మధ్యాహ్నం షెడ్డు దగ్గర నేను విన్న స్వరమే. పట్టుకున్నాడు. వీధి మొగ దాటింది, రామాలయం దాటింది, వణకలేదు. మా ఇంటి ముందుకు వచ్చేసరికి అది మంగళధ్వనిగా తిరిగింది. గుమ్మంలో వదిన నిలబడి ఉంది. పెళ్ళికి పోయే మేళాన్ని సాగనంపడానికి వచ్చిన మనిషి, ఆ స్వరం వినగానే చేతిలో నీళ్ళ చెంబు అక్కడే పెట్టి, గిరుక్కున లోపలికి పరిగెత్తింది.

"ఏటి వదినా, ఎక్కడికి?" అని తోస్తూనే అరిచాను.

"బియ్యం కడగాలి" అని లోపల్నుంచి కేకేసింది. "పరమాన్నానికి."

అప్పుడు ఇంజను అందుకుంది. బావ ఎక్కండి ఎక్కండి అని అరుస్తున్నాడు. మేమెవరమూ వెంటనే ఎక్కలేదు. వీధి చివరిదాకా, చేతులు వేను మీద ఆనించి, ఆ సన్నాయి పక్కనే నడిచాం. నా వేళ్ళు ఆ రేకు మీద తాళం వేస్తూనే ఉన్నాయి.